ఎల్.డి. అక్షరముల వెనుక ఒక ద్రాక్షతోట

కూర్మన్నపాలెము కూడలిలో ప్రొద్దున ఆరు గంటలు కాకముందే నిలుచుండి చూచినచో, ఉక్కు కర్మాగారపు ద్వారమువైపు సాగిపోవు జనములో ఇంచుమించు ప్రతి చేతిలోను ఒక టిఫిను క్యారియరు కానవచ్చును. అడుగు గిన్నెలో అన్నము, దానిపై పప్పో కూరయో, అన్నిటికంటె పై గిన్నెలో పెరుగు. ఎండయైనను వానయైనను ఈ డబ్బాల ఊరేగింపు ఆగదు. ఈ ఊరి బడులకు వచ్చు పిల్లలలో అనేకుల తండ్రులు, కొందరి తల్లులును, ఆ ద్వారము లోపల పనిచేయువారే. "మీ నాన్నగారు ఏ విభాగములో ఉన్నారు?" అని అడిగినచో "బ్లాస్టు ఫర్నేసండీ" అని ఒకడు, "కోకు ఓవెన్లండీ" అని ఒకతె, "ఎల్.డి.లో నండీ" అని వేరొకడు చెప్పుదురు. ఈ మాటలు వారికి అత్త, మామ యను మాటలవలె పుట్టుకతో వచ్చినవి.

కొంతకాలము క్రిందట తొమ్మిదవ తరగతిలో ఒక బాలిక లేచి, "ఎల్.డి. అంటే ఏమిటండీ?" అని అడిగినది. ఉక్కు తయారుచేయు పద్ధతి పేరని చెప్పితిని. "పద్ధతి సంగతి మా నాన్న చెప్పాడండీ, ఆ రెండక్షరాలకీ అర్థమేమిటి?" అని మరల అడిగినది. మంచి ప్రశ్న. ఇరువదియేండ్లుగా ఈ యూర బోధించుచున్న నన్ను అంతవరకు ఎవరును ఈ ప్రశ్న అడుగలేదు, నేనును ఎవరికిని చెప్పలేదు.

ఎల్ అనగా లింట్స్, డి అనగా దోనావిట్స్. రెండును ఆస్ట్రియా దేశపు పట్టణములు. కొలిమినుండి దిగిన ముడి యినుములో నూటికి నాలుగు పాళ్ల వరకు కర్బనముండును. అదియున్నంత కాలము ఆ లోహము పెళుసు, కొట్టిన విరిగిపోవును. కరగిన ఆ యినుమును పెద్ద కడవవంటి పాత్రలో పోసి, పైనుండి నీటితో చల్లబరచిన రాగిమూతి గొట్టము దించి, స్వచ్ఛమైన ప్రాణవాయువును మహావేగముతో ఊదుదురు. కర్బనము మండి పోవును. వేరే కట్టెలు గాని బొగ్గు గాని అక్కరలేకయే, దాని మంటతోనే ఇరువది నిమిషములలోపున ఉక్కు సిద్ధమగును. లింట్స్‌లో 1952 నవంబరు 27వ తేదీన, దోనావిట్స్‌లో 1953లో ఈ పద్ధతి పనిలోనికి వచ్చినది. కొలది యేండ్లకే మన దేశమున రూర్కెలాకు చేరినది. 1966లో 'విశాఖ ఉక్కు – ఆంధ్రుల హక్కు' అని ఊరూర మ్రోగిన నినాదమునకు ఫలముగా 1971 జనవరి 20వ తేదీన శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1వ తేదీన జాతికి అంకితమైన మన కర్మాగారములో ఉక్కు కరగునది కూడ ఈ ఎల్.డి. కన్వర్టర్లలోనే. 2021లో ఈ కూర్మన్నపాలెము కూడలిలోనే కార్మికులు దీక్షా శిబిరము వేసికొని కూర్చున్నది ఆ కన్వర్టర్ల కొరకే యని పిల్లలకు వేరే చెప్పవలసిన పని లేదు.

నల్లబల్లపై డాన్యూబు నదిని గీచి, దాని యొడ్డున లింట్స్ పట్టణమును గుర్తించి చూపితిని. దోనావిట్స్ నదికి దూరముగా కొండలలో నున్నది. అంతటితో పాఠము ముగియవలసినదే. కాని ఆ బాలిక కూర్చుండలేదు. "ఆ లింట్స్ వాళ్ల క్యారియర్లలో ఏముంటుందండీ?" అనినది. తరగతియంతయు నవ్వినది. నేనును నవ్వి, రొట్టె, మాంసము, బంగాళాదుంపలు అని చెప్పి, "ఇంటికి పోయిన తరువాత..." అని మొదలుపెట్టి ఆగిపోయితిని. ఇంటికి పోయిన తరువాత వారు భోజనముతో ఒక గ్లాసు తెల్లని ద్రాక్షామద్యము త్రాగుదురని నా నోటికి వచ్చినది. మూడవ బెంచిలో ఒక బాలుడు నా ముఖమువంకనే చూచుచుండెను. వాని యింటిలో త్రాగుడువలన జరుగుచున్నది ఏమో ఊరందరికిని తెలియును. గంట కొట్టినారు. నేను బయటికి వచ్చితిని.

ఆనాడు చెప్పక మ్రింగిన మాటనే ఇచట వ్రాయుచున్నాను.

లింట్స్ పట్టణము దాటి డాన్యూబు తూర్పుగా పారుచు మెల్క్ అను ఊరినుండి క్రెమ్స్ అను ఊరివరకు సుమారు 36 కిలోమీటర్లు ఒక ఇరుకైన లోయలో నడచును. దాని పేరు వాఖావ్. 2000 సంవత్సరములో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల జాబితాలో చేర్చినారు. నదికి ఉత్తరపు గట్టున కొండలు నిటారుగా లేచియుండును. ఆ కొండలకు మెట్లు చెక్కి, సున్నము గాని సిమెంటు గాని లేకుండ రాయిపై రాయి పేర్చి గోడలు కట్టి, ఆ మెట్లపై ద్రాక్షతీగలు పెంచినారు. అక్కడి రాయి నైస్ జాతిది, మిక్కిలి ప్రాచీనమైనది. మన యారాడ కొండలోని ఎర్రని ఖొండలైటు రాయియు భూగర్భమున వేడికి, ఒత్తిడికి రూపుమారిన శిలయే గనుక, దూరపు బంధుత్వము కలుపుకొనదలచిన వారు కలుపుకొనవచ్చును.

ఆ మెట్లపై పండు ద్రాక్షలలో ముఖ్యమైనది గ్రూనర్ ఫెల్ట్‌లీనర్. దీనిని ఆంగ్లాక్షరములలో చూచి 'వెల్ట్‌లీనర్' అని చదువుట మనవారికి సహజము. జర్మనులు ఆ అక్షరమును 'ఫ'గా పలుకుదురు. గ్రూనర్ అనగా పచ్చనిది. ఆస్ట్రియాలోని ద్రాక్షతోటల విస్తీర్ణములో ఇంచుమించు మూడవవంతు ఈ ఒక్క జాతిదే. ఇంత వ్యాపించిన ద్రాక్షకు తల్లిదండ్రులెవరో చిరకాలము ఎవరికిని తెలియలేదు. ఒక వైపు వంశము త్రామీనర్ అను పాత ద్రాక్షయని తేలినది. రెండవ వైపు మాత్రము అజ్ఞాతము. 2000 సంవత్సరములో ఐజెన్‌స్టాట్ పట్టణమునకు చేరువనున్న సాంక్ట్ గేయోర్గెన్ గ్రామమున, పాడుపడిన చోట పొదలలో, ఒకే యొక్క ముదుసలి తీగ బ్రతికియుండగా కనుగొనిరి. జన్యుపరీక్షలో అదియే ఆ రెండవ వంశమని నిశ్చయమైనది. దేశమునంతను కప్పిన సంతానమునకు మూలమైన చెట్టు ఎవరికిని పట్టక పొదలలో పడియుండుట చూచినచో, మన పాత వరివంగడముల గతి తలపునకు రాకమానదు.

ఈ రసమునకు తాజాదనము ఎట్లు వచ్చుచున్నది? ఇది మన విజ్ఞానశాస్త్ర పాఠమునకు సరిపోవు ప్రశ్న. పండుచున్న ద్రాక్షలో ఒక వైపు చక్కెర పెరుగుచుండును, మరియొక వైపు పులుపు తగ్గుచుండును. పులుపునకు కారణమైన వానిలో మాలిక్ ఆమ్లము ఒకటి. పచ్చి ఆపిలు పండులో నాలుకకు తగులునది అదియే. వేడి రాత్రులలో పండు తన శ్వాసక్రియలో ఈ ఆమ్లమును కాల్చివేసికొనును. చల్లని రాత్రులలో దాచుకొనును. వాఖావ్ లోయకు పగటివేళ తూర్పు మైదానముల వెచ్చని గాలి వచ్చును. రాత్రియగుసరికి వాయవ్యపు అడవులనుండి చలిగాలి దిగును. పగటి యెండ తీపి నిచ్చును, రాత్రి చలి పులుపును కాపాడును. విశాఖపట్టణము 17వ అక్షాంశముపై, ఆ లోయ 48వ అక్షాంశముపై నున్నవి. మన వేసవి రాత్రులలో మనుష్యులే నిద్రలేక పొరలుచుందురు గదా, ఇక ద్రాక్ష తన పులుపు నెట్లు నిలుపుకొనగలదు? తినుటకు పనికివచ్చు చక్కని ద్రాక్షలు తెలుగునేలపై కావలసినన్ని పండినవి. హైదరాబాదు చుట్టుపట్ల పండిన అనాబెషాహి యొకప్పుడు దేశమున పేరెన్నికగన్నది. కాని ఆ తెల్లని రసపు చురుకుదనము వేరు.

వాఖావ్ రైతులు తమ రసములను మూడు తరగతులుగా విభజించి వానికి పెట్టుకొనిన పేర్లు నాకు మిక్కిలి నచ్చినవి. అన్నిటికంటె తేలికైనది 'ష్టైన్‌ఫేడర్', ఆ మెట్లపై రాళ్లసందున మొలచు ఈకవంటి గడ్డి పేరు. నడిమిది 'ఫేడర్‌ష్పీల్', డేగవేటలో డేగను వెనుకకు పిలుచుటకు చూపు ఎర. బరువైనది 'స్మరాగ్ట్', వేసవి యెండకు గోడలపై కాగు పచ్చని బల్లి. మొదటి దానిలో మద్యసారము నూటికి 11.5 పాళ్లు దాటరాదు, మూడవదానిలో 12.5కు తగ్గరాదు. కంపెనీల పేర్లు, రాజుల బిరుదములు కాక గడ్డిపరకకు, బల్లికి గౌరవమిచ్చిన వ్యాపారులను నేను మరెచ్చటను చూడలేదు.

ఇట మన భాషను గూర్చి ఒక మాట. మన ఊళ్లలో 'వైన్ షాపు' అను బోర్డు క్రింద అమ్ముడుపోవునవి ముఖ్యముగా బ్రాందీ, విస్కీలు. వైను అచట అరుదు. పులియబెట్టుటతో ఆగినది ద్రాక్షామద్యము, దానిలో మద్యసారము 11 మొదలు 14 పాళ్లు. పులిసినదానిని మరగించి ఆవిరిపట్టి తీసినది సారా జాతి, మన దుకాణములలోని విస్కీలో 42.8 పాళ్లు. రెండింటిని ఒకే బోర్డు క్రింద కలుపుట కత్తిపీటను, కత్తిని ఒకటే యనుటవంటిది. ఏ మద్యమైనను మన రాష్ట్రమున 21 ఏండ్లు నిండనివారికి అమ్మరాదని చట్టము చెప్పుచున్నది.

ఆస్ట్రియా రసమునకు పరువు ఊరక రాలేదు. పరువు పోయి, మరల వచ్చినది. ఆ కథ రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు తప్పక చెప్పదగినది. 1985 వరకు ఆ దేశమునుండి బయటికి పోవుచున్నవి ఎక్కువగా చవుకైన తియ్యని రసములు. తీపి ద్రాక్ష సరిగా పండని యేడు, కొందరు వ్యాపారులు పలుచని రసమునకు చిక్కదనము, తీపి వచ్చుటకై డైఇథిలిన్ గ్లైకాల్ అను ద్రవమును కలిపిరి. అది రంగులేనిది, కొంచెము తియ్యనిది, మూత్రపిండములకు విషము. ఈ ద్రవముతో కలిపిన మందువలన 1937లో అమెరికాలో నూరుమందికి పైగా చనిపోయిరి. 2022లో గాంబియా దేశమున పసిబిడ్డలు చనిపోయినపుడు ప్రపంచ ఆరోగ్యసంస్థ హెచ్చరించిన దగ్గుమందులలో కనబడినదియు ఇదియే. ఆస్ట్రియాలో ఆ రసము త్రాగి మరణించినవారున్నట్లు లెక్కలకెక్కలేదు. కాని 1985 వేసవిలో గుట్టు బయటపడగానే దేశదేశములు తలుపులు మూసినవి. మరుసటి యేటికి ఎగుమతులు పదవవంతునకు పడిపోయినవి. కల్తీ చేసినవారు కొందరే, తలవంచుకొనవలసివచ్చినది ప్రతి రైతునకు.

ఆ యేడే కఠినమైన చట్టము వచ్చినది. ఎకరమునకు ఎంత పండించవచ్చునో హద్దు పెట్టిరి. ప్రతి మేలురకపు సీసాకును పరీక్షసంఖ్య నిచ్చి, మూతపై ఎరుపు, తెలుపు, ఎరుపు చారల ముద్ర వేయించిరి. అంతకంటె ముఖ్యమైనది, రుచి మారినది. దాచుటకు చోటులేని, తీపి ముసుగు లేని, చక్కెర అంతయు పులిసిపోయిన స్వచ్ఛమైన రసమువైపు రైతులు తిరిగిరి. తీపిలో దేనినైనను కలిపి దాచవచ్చును, పలుచని శుభ్రమైన రసములో దోషము వెంటనే పైకి తేలును. 2002లో లండను నగరమున పేర్లు కనబడకుండ చేసిన రుచిపరీక్షలో గ్రూనర్ రసములు కొన్ని, ఫ్రాన్సు దేశపు సుప్రసిద్ధమైన బుర్గుండీ తెల్లరసములను మించి నిలిచినవి. కలంకమునుండి గౌరవమునకు పదునేడేండ్లు పట్టినది.

ఈ రసమును నేను ఒక్కమారు మాత్రమే చవిచూచితిని. మా బావగారు ఉక్కునగరమున ఇంజనీరుగా నుండి, పదవీవిరమణకు ముందు పనిమీద లింట్స్ పోయి వచ్చుచు ఒక సీసా తెచ్చిరి. చైత్రమాసము. అక్కయ్య వంటయింటిలో పనసకాయ పొట్టుకొట్టించి పెట్టినది. ఆనాడు మా భోజనములో ఆవపెట్టిన పనసపొట్టు కూర, వంజరము చేప వేపుడు, నేయి వేసిన ముద్దపప్పు, గోంగూర పచ్చడి, మిరియాల చారు, పిమ్మట బొబ్బట్లును. సీసాను నీటిబానలో మంచుగడ్డలమధ్య నిలిపితిమి. తేలికపాటి తెల్లరసమును ఎనిమిది పది డిగ్రీల చల్లదనమున త్రాగవలెనని బావగారు లింట్స్‌లో వినివచ్చిరి.

మొదటి గుటికెడు పుచ్చుకొని అక్కయ్య ముఖము చిట్లించినది. "ఇది ఉసిరికాయ కడిగిన నీళ్లలా ఉందిరా తమ్ముడూ! దీనికా ఇంత దూరం మోసుకొచ్చారు?" అనినది. నిజమునకు ఆమె మాటలో తప్పు లేదు. నిమ్మ, పచ్చి ఆపిలు, పచ్చిబఠాణీవంటి వాసన, వెనుక కొంచెము తెల్లమిరియము. ఒంటరిగా త్రాగినచో అది అసంపూర్తి వాక్యమువలె నుండును. భోజనము దానికి క్రియాపదము.

వంజరము వేపుడుతో మొదట పట్టు దొరకినది. చేపపై నూనె, పసుపు, కొద్దిగా కారము. మనము చేపపై నిమ్మకాయ పిండుదుము గదా, ఆ పనిని రసములోని పులుపు చేసినది. వియన్నా వాసులు పలుచగా దంచిన దూడమాంసమును రొట్టెపొడిలో పొర్లించి నేతిలో వేయించి, ప్రక్కన నిమ్మచెక్క పెట్టి, ఈ రసముతో తినుదురు. సూత్రమొక్కటే. నేతిముద్దపప్పుతో ఇంకను బాగుండినది. ఇది నేనూహించినది కాదు. నేయి నాలుకపై పరచిన పొరను ప్రతి గుటికెడును తుడిచివేసి, తరువాతి ముద్దను మొదటి ముద్దగా చేసినది.

గోంగూర దగ్గర రసము ఓడిపోయినది. తినుబండారపు పులుపు పానీయపు పులుపును మించినచో పానీయము చప్పనీరగును. గోంగూరముందు ఆ దూరదేశపు పులుపు నిజముగనే నీరైనది. బొబ్బట్టు తిని త్రాగినచో దీనికి వ్యతిరేకముగ, రసమే మరింత పులిసిపోయి కాడివలె తోచినది. ఆవకాయ విషయము వేరు. బావగారు వద్దన్నను వినక ఒక ముక్క నంజుకొని గుటికెడు మ్రింగితిని. నోరు నిప్పుకుంపటి యైనది. కారణము తరువాత చదివి తెలిసికొంటిని. మిరపకాయలోని కాప్సైసిన్ మన నరములలో వేడిని గుర్తించు గ్రాహకమును తట్టును. ఆ గ్రాహకమును 1997లో గుర్తించిన డేవిడ్ జూలియస్ అను శాస్త్రజ్ఞునకు 2021లో నోబెల్ బహుమానము వచ్చినది. మామూలుగా 42, 43 డిగ్రీల వేడికి గాని మేలుకొనని ఆ గ్రాహకము, మద్యసారము తగిలినపుడు 34 డిగ్రీలకే మేలుకొనునట. మన నోటి వేడి 37. ఇక ఆవకాయ తోడైనచో చెప్పనేల? గుంటూరు కారమునకు మజ్జిగయే మందు, మద్యము కాదు.

మిరియాల చారు వచ్చినపుడు చిత్రము జరిగినది. ఈ రసములో మిరియపు వాసన ఉన్నదని నేను, లేదని బావగారు వాదించుకొంటిమి. ఇద్దరమును నిజమే చెప్పితిమి. మిరియమునకు ఆ ఘుమఘుమ నిచ్చు రొటుండోన్ అను పదార్థమును ద్రాక్షామద్యములో 2008లో ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు కనుగొనిరి. తరువాత అది గ్రూనర్ ఫెల్ట్‌లీనర్‌లోను దొరకినది. లీటరు నీటిలో గ్రాములో నూరుకోట్లవ వంతులు ఎనిమిది ఉన్నను ముక్కునకు తెలియును. కాని ఐదుగురిలో సుమారు ఒకరికి ఎంత ఎక్కువ వేసినను తెలియదట. బావగారు ఆ ఒకరు. మన చింతపల్లి, అరకు కాఫీతోటలలో సిల్వరు ఓకు చెట్లకు ఎగబ్రాకు మిరియపుతీగలలోని వాసనయు, డాన్యూబు కొండమెట్లపై ద్రాక్షతోలులోని వాసనయు ఒకటే పదార్థము. ఈ రెండు మొక్కలకును చుట్టరికము లేదు.

అన్నిటికంటె నన్ను ఆశ్చర్యపరచినది ఆవపెట్టిన పనసపొట్టు. "ఆవకూరతో అయితే ఫరవాలేదురా" అని అక్కయ్యయే ఒప్పుకొనినది. ఉడికించిన గొడ్డుమాంసముపై 'క్రేన్' అను ఘాటైన దుంపను తురిమి వేసికొని గ్రూనర్‌తో తినుట వియన్నాలో మర్యాదగల భోజనము. ఆ దుంపలో ముక్కునకెక్కు ఘాటునకును, మన ఆవాల ఘాటునకును కారణమొక్కటే, అలైల్ ఐసోథయోసయనేట్ అను ఆవిరియగు నూనె. కారము నాలుకపై కూర్చుండును, ఆవఘాటు ముక్కులోనికెక్కి క్షణములో దిగిపోవును. కావున చల్లని రసముతో దానికి పేచీలేదు. వారి మాంసము మన శాకాహారపు పంక్తికి పనికిరాదు. అయినను మన పనసపొట్టు ఆ పీటపై సుఖముగ కూర్చున్నది. ఉత్తరాంధ్ర వంటయింటికి ఈ గౌరవమెవ్వరు నివ్వలేదని నా మనవి.

ఆ దేశమున కొత్తరసము త్రాగు ముచ్చట మనకు మిక్కిలి తెలిసినదానివలె తోచును. 1784లో చక్రవర్తి రెండవ జోసెఫు, రైతులు తమ తోటలో పండిన రసమును తమ యింటనే అమ్ముకొనవచ్చునని శాసనమిచ్చినాడు. అమ్మకమున్న దినములలో గుమ్మమునకు దేవదారు రెమ్మలు కట్టుదురు. ఆ యేటి రసమును, ఆ యింటిని గూడ 'హొయ్‌రిగర్' అందురు, ఈ యేటిది అని అర్థము. సెప్టెంబరు, అక్టోబరు మాసములలో ఇంకను పులియుచునే యున్న మబ్బురంగు రసము దొరకును. దానిపేరు 'ష్టుర్మ్', అనగా గాలివాన. బొగ్గుపులుసువాయువు పొంగుచుండుటచేత ఆ సీసాకు గట్టిమూత వేయరాదు, వేసినచో పగులును. అనకాపల్లి దారిలో తాటిచెట్లక్రింద లొట్టినుండి నురుగుపొంగు కల్లు చూచినవారికి ఇందులో వింతలేదు. మన గీతకార్మికుడు మోకు బిగించి ఎక్కి, గెల కోసిన చోట కట్టిన కుండలోనికి దిగునది తియ్యని నీరమే. గాలిలోని, కుండలోని సూక్ష్మజీవులు కొన్ని గంటలలో దానిని కల్లు చేయును. లోపల సున్నము పూసిన కుండలో అవి పెరుగలేవు, నీరము నీరముగనే మిగులును. కాచిన తాటిబెల్లమగును. ద్రాక్షకు గాదులు, నేలమాళిగలు, చట్టములు, ముద్రలు దొరకినవి. తాటికి సున్నపు కుండ మాత్రమే దొరకినది. పులియని ఆ నీరమును చల్లగా పుచ్చుకొని పైన చెప్పిన వేపుడు చేపనో పెసర పునుగులనో తిని చూచువారికి మద్యము లేకయే ఈ వ్యాసము సగము అనుభవమునకు వచ్చును. తీపి ఎక్కువ గనుక, అల్లపుపచ్చడి తోడుండవలెను.

ఇంత వ్రాసిన చేయి ఇంకొక సంగతి వ్రాయక తప్పదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకొనుచున్న స్త్రీలు, తమ వాచకములో సారా పాడుచేసిన సంసారపు పాఠము చదివి, పుస్తకము మూసి, సారాకొట్టు మూయించుటకు లేచిరి. ఆ ఉద్యమమునకు తలయొగ్గి ప్రభుత్వము 1993 అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతట సారా నిషేధించినది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధము 1997లో సడలినది. ఒక వాచకపు పాఠము ప్రభుత్వములను కదల్చిన ఉదాహరణ ఉపాధ్యాయ లోకమునకు ఇంతకంటె వేరొకటి లేదు. ఆ స్త్రీలముందు నిలిచి, భోజనముతో ఒక గ్లాసు, కొండమెట్లు, మిరియపువాసన యని నేను చెప్పగలనా? చెప్పగలననియే యనుకొందును, కాని గొంతు తగ్గించి. వారి భర్తలు త్రాగినది భోజనముతో కాదు, భోజనమునకు బదులు. కూలిడబ్బు సారాకొట్టులో దిగిన దినమున పొయ్యి వెలుగలేదు. రుచిని గూర్చి మాటలాడుటకు ముందు పళ్లెములో అన్నముండవలెను. ఆస్ట్రియాలోను త్రాగుడుకు దాసులై చెడినవారు లేకపోలేదు. చక్కని పేర్లు పెట్టినంత మాత్రాన మద్యసారము తన స్వభావమును మార్చుకొనదు.

తరువాతి వారము తరగతికి ఆవాలు, ఒక చిన్నరోలు, రెండు గిన్నెలు తీసికొనిపోయితిని. ఎల్.డి. అడిగిన బాలికను పిలిచి, ఎండు ఆవపొడి వాసన చూడమంటిని. ఏమియు లేదనినది. ఒక గిన్నెలో పొడిపై చన్నీరు, రెండవదానిలో మరగిన నీరు పోయించితిని. మరగిన నీటి గిన్నెలో ఘాటు పుట్టలేదు. ఆవగింజలోని ఎంజైము వేడికి చచ్చిపోయినది. చన్నీటి గిన్నె నాలుగు నిమిషములలో బెంచీలన్నిటిని తుమ్మించినది. "లింట్స్ వాళ్ల క్యారియర్లో కూడా ఇదే ఘాటు ఉంటుంది" అని చెప్పితిని. మూడవ బెంచి బాలుడు తానుకూడ నూరుదునని రోలు లాగికొని, మిగిలిన ఆవాలన్నియు చన్నీటితో నూరినాడు. కన్నులవెంట నీరు ధారకట్టినది. ప్రక్కవాడు "ఏడుస్తున్నావురా?" అనగా, "ఆవ ఘాటురా!" అని చొక్కాచేతితో ముఖము తుడుచుకొని, ఆ ముద్దను ఇంటికి తీసికొనిపోవచ్చునా యని నన్ను అడిగినాడు. వాళ్లమ్మ కూర వండుటకట. కాగితములో పొట్లము కట్టి యిచ్చితిని.